ఇంకో ఉద్యోగం ఉందా?

లెస్టర్,
12 సెప్టెంబర్ 2024

ఖలందర్ మామకు,

సబీనా సలాం. క్షేమంగా చేరాను. ఫోన్ చేద్దామంటే మీ గదిలో ఆఫ్తాబ్ భాయ్ గురక, నా గదిలో ఇద్దరు మలయాళీ అమ్మాయిల ముచ్చట్లు. మన సంగతులు నలుగురి మధ్య ఎందుకని రాస్తున్నాను. పైగా మీకు ఉత్తరమంటే ఇష్టం కదా, ఈమెయిల్ అయినా సరే పైన ఊరి పేరూ తేదీ లేకపోతే చదవరని అమ్మ చెబుతుంది.

ఇక్కడ ఎండ కాస్తుంది కానీ వేడి ఉండదు. సౌదీలో, తబూక్‌లో క్లినిక్ నుంచి హాస్టల్ దాకా తలమీద తువ్వాలు కప్పుకుని పరిగెత్తినదాన్ని, ఇక్కడ స్వెట్టర్ వేసుకుని ఎండలో నిలబడుతున్నాను. ఆసుపత్రి పెద్దది. వార్డులో ముసలివాళ్లు ఎక్కువ. నన్ను డార్లింగ్ అని పిలుస్తారు. మొదట్లో ఉలిక్కిపడ్డాను, ఇప్పుడు అలవాటయింది.

ఉమేరా సంగతి మీకు చెప్పాలి. మీ సౌదీలోనే రాస్ తనూరాలో ఉన్న కాషిఫ్‌కు మెసేజ్ పెట్టాను. విడాకులయినా బిడ్డకు తండ్రి కదా, నా దగ్గరికి పంపడానికి అతని సంతకం కావాలి. నేను ఇల్లు చూసుకోగానే పెడతానన్నాడు. ఇంత సులువుగా ఒప్పుకుంటాడని అనుకోలేదు. రాయచోటిలో అది రోజూ అవ్వను సతాయిస్తోందట, లండన్‌లో ఉగ్గాని దొరుకుతుందా అని. ఇది లండన్ కాదని చెప్పినా వినదు.

ఒక చిన్న విషయం అడగాలి. జీతం ఆఫీసువాళ్లు ఒక ఫారం ఇచ్చారు. దాన్నిబట్టి నాకు పన్ను కోడ్ వేస్తారట. అందులో 'మీకు ఇంకో ఉద్యోగం ఉందా?' అని ఒక ప్రశ్న. నేను తబూక్ నుంచి ఉద్యోగం వదిలేసి ఫైనల్ ఎగ్జిట్ మీద రాలేదు కదా, మీరు చెప్పినట్టు సెలవుకు పోయి తిరిగొచ్చేవాళ్లలా రీ ఎంట్రీ మీదే వచ్చాను. ఉందని రాయాలా, లేదని రాయాలా? రేపు ఇచ్చేయాలి. లెక్కల మనిషి మీరు, చెప్పండి.

మీ
సబీనా

*

మలాజ్, రియాద్,
12 సెప్టెంబర్ 2024

అమ్మా సబీనా,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరికీ చెప్పాను, మా మేనకోడలు ఇంగ్లండు గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు అని. మా మేనేజరు ఈజిప్టు నుంచి వచ్చిన మిస్రీవాడు, వాడి కొడుకుకు కూడా వీసా వస్తుందా అని అడిగాడు. ప్రయత్నిస్తానన్నాను. నువ్వేం కంగారు పడకు, ఊరికే అన్నాను.

ఇక్కడ మనకు పరువుకేం తక్కువ లేదు. మెయింటెనెన్సు పనివాళ్లందరి జీతాల షీటు నా చేతి మీదుగానే పోతుంది. నిన్న వాళ్లలో జగిత్యాల రాజేశం వచ్చాడు, ఎవరో ఇంట్లో చేసిన మామిడికాయ పచ్చడి తెచ్చి ఇచ్చాడు. సంగతేమిటంటే ఊళ్లో భూమి రిజిస్ట్రేషన్ గురించి సలహా కావాలి. భూమి సంగతి నాకేం తెలుసు చెప్పు. అయినా చెప్పి పంపించాను. అడిగినవాణ్ణి ఉత్త చేతులతో పంపడం నాకు చేతకాదు.

కాషిఫ్ ఒప్పుకున్నాడంటే మంచిదే. వాడు మొండివాడు కానీ చెడ్డవాడు కాదు. నేనంటే వాడికి గౌరవం ఉంది.

అక్కడ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకు. చలికి చెవులు కప్పుకో. నీకు ఏ కాగితం వచ్చినా ముందు నాకు చెప్పు.

ఇక ఆ ఫారం. ఇందులో ఆలోచించడానికేముంది? నీ ఇకామా కార్డు ఇంకా తబూక్‌లో నిన్ను పనిలో పెట్టుకున్న కఫీల్ పేరు మీద ఉంది. రీ ఎంట్రీ గడువు తీరేవరకు కాగితం ప్రకారం నువ్వు వాళ్ల మనిషివే. ఉందని రాయి. గవర్నమెంటు దగ్గర దాచిపెడితే రేపు అదే మెడకు చుట్టుకుంటుంది.

మీ మామ
ఖలందర్

*

లెస్టర్,
2 డిసెంబర్ 2024

మామకు సలాం.

చాలా రోజులకు రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. రాత్రి డ్యూటీలు ఎక్కువ తీసుకుంటున్నాను. పగలంతా నిద్ర. అమ్మ ఫోన్ చేసినప్పుడు ఎత్తలేకపోతున్నాను. ఇంటి అద్దెకు ముందే కట్టాలంటున్నారు, అందుకే.

జీతం చీటీ మీద నా పేరు పక్కన పన్ను కోడ్ బి.ఆర్. అని వస్తోంది. నాతోపాటు అదే రోజు చేరిన కొట్టాయం అమ్మాయి లిజీకి ఒక అంకె, దాని చివర ఎల్ ఉంది. ఆమెకు జీతంలో కొంత భాగం మీద పన్నే పడదు, మిగతాదాని మీదే పడుతుంది. నాకు మొదటి పౌండు నుంచే పట్టేస్తున్నారు. ఇద్దరం ఒకే పని చేస్తాం, ఒకే జీతం. చేతికొచ్చేది మాత్రం వేరు.

జీతం ఆఫీసుకు వెళ్లి అడిగాను. అక్కడున్న ఆమె కంప్యూటర్ చూసి, రెండో ఉద్యోగం చేసేవాళ్లకు ఆ కోడ్ వేస్తారని, పన్ను లేని భాగం మొదటి ఉద్యోగంలోనే వాడుకుంటారు కాబట్టి రెండోదానికి మిగలదని చెప్పింది. ఇంతకీ ఇంకెక్కడ పని చేస్తున్నావని మామూలుగానే అడిగింది. నా వెనక మా వార్డువాళ్లు నిలబడి ఉన్నారు. నా చెవులు కాలిపోయాయి మామా. కఫీల్ దగ్గర కాకుండా ఇంకో చోట పని చేసి పట్టుబడినవాళ్లను తబూక్‌లో చూశాను. వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కించారు. మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాను. అప్పటినుంచి ఆ వరండాలో నడవడం మానేసి చుట్టూ తిరిగి వెళుతున్నాను.

ఆ రెండో పని సంగతి వాళ్లకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. చెబితే వీసాకేమవుతుందో, ఉమేరా రావడానికి అడ్డమవుతుందేమో అని భయం. మీకు కోపం రాకుండా ఎలా అడగాలో కూడా తెలియడం లేదు. ఏం చేయమంటారు?

మీ
సబీనా

*

మలాజ్, రియాద్,
6 డిసెంబర్ 2024, శుక్రవారం

సబీనాకు,

నీ ఉత్తరం చదివి జుమాకు వెళ్లాను. నమాజులో మనసు నిలవలేదు.

నీకు ఏం తక్కువైందని ఇంకో పనికి పోతున్నావు? రాత్రిళ్లు ఫోన్ ఎత్తడం లేదని మీ అమ్మ బాధపడుతుంటే, కొత్త ఊరు, అలసిపోయి ఉంటుందిలే అని నేనే సర్దిచెప్పాను. ఇప్పుడు తెలిసింది. ఎవరింట్లో పని? ముసలివాళ్లను చూసుకోవడమా, పిల్లల్ని ఎత్తుకోవడమా? ఇక్కడ మన ఆడవాళ్లు ఇళ్లలో ఖద్దామా పనికి వచ్చి పడే అవస్థలు నాకు తెలుసు. నిన్ను నర్సు చదివించడానికి మీ అమ్మ చేసినదంతా ఇందుకేనా? ఆఫీసులో నీ గురించి గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు మిస్రీ మేనేజరు నీ సంగతి అడిగితే తల తిప్పుకోవలసి వస్తుంది. నాకు సిగ్గుగా ఉంది.

మా కంపెనీలో లింబాద్రి అని ఒక ఏసీ మెకానిక్ ఉండేవాడు. మంచి పనివాడు. శుక్రవారాలు బయట పనికి పోయేవాడు. ఒకరోజు పోలీసులు వ్యాన్‌లోంచి దించి తీసుకుపోయారు. వాడి పెట్టె నేనే సర్ది ఎయిర్‌పోర్టుకు పంపాను. నీకు ఆ గతి పట్టకూడదు.

రేపే ఆ పని మానేయ్. జీతం ఆఫీసులో ఏమీ ఒప్పుకోకు. పన్ను ఆఫీసుకు నువ్వుగా ఫోన్ చేయడం, ఉత్తరం రాయడం లాంటి తెలివితక్కువ పనులు చేయకు. గవర్నమెంటుతో మాట్లాడవలసింది పనిలో పెట్టుకున్నవాడు. మనంతట మనం పోతే వాడి మీద ఫిర్యాదు చేసినట్టు. ఊరుకుంటే ఆ కోడు దానంతటదే పోతుంది.

మీ అమ్మతో మాట్లాడాను. దాచి లాభం లేదని ఉన్నమాట చెప్పేశాను. ఏడ్చింది. నీ మంచికోసమే చెప్పానని తెలుసుకో.

ఖలందర్

*

లెస్టర్,
19 జనవరి 2025

మామకు,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. మర్యాద తప్పితే క్షమించండి. తప్పుతుందనే అనుకుంటున్నాను.

నాకు ఇంకో పని లేదు. ఏ ఇంట్లోనూ చేయలేదు. రాత్రిళ్లు చేసింది ఈ ఆసుపత్రిలోనే, ఇదే వార్డులో. నేను రాసిన 'రెండో పని' తబూక్ క్లినిక్ మామా. ఫారంలో రాయమని మీరు చెప్పిందే. మీరు చెప్పారు కాబట్టి ఉందని రాశాను. ఉందని రాశాను కాబట్టి రెండో ఉద్యోగం కోడ్ వేశారు. మీ సలహా వల్లే ఇలా అయిందని మొహం మీద రాయలేక చుట్టూ తిప్పి రాశాను. మీరు నొచ్చుకుంటారని. సెప్టెంబరులో మీరు ఏం రాశారో ఒకసారి చూసుకోండి.

మీరు అమ్మకు చెప్పారు. అమ్మ మనసులో పెట్టుకోలేక పక్కింటి మస్తాన్ వలీ మామ భార్యకు చెప్పుకుని ఏడ్చింది. ఆమె కాషిఫ్‌వాళ్ల అమ్మకు చెల్లెలి వరస, ఆ సంగతి మీకూ తెలుసు. మూడో నోటికి వెళ్లేసరికి నేను ఎవరి ఇంట్లోనో రాత్రిళ్లు ఉంటున్నానని అయింది. కాషిఫ్ ఫోన్ చేశాడు. "రాత్రిపూట ఎవరిండ్లల్లోనో ఉండేదాని దగ్గరికి నా బిడ్డను పంపల్యా?" అన్నాడు. నేను జరిగింది చెప్పాను. రెండుసార్లు చెప్పాను. మీ మామే చెప్పినాడంట కదా అన్నాడు. సంతకం పెట్టనన్నాడు.

అమ్మ కూడా అంతే. ఒట్టు పెట్టి చెప్పినా, మీ మామ ఊరికే ఎందుకంటాడే అంటుంది. బజారుకు వెళ్లడం మానేసిందట. ఉమేరా ఫోన్‌లో ఏమడిగిందో తెలుసా? నువ్వు ఏం తప్పు చేసినావమ్మా అని. ఏమీ చేయలేదని చెప్పి ఫోన్ పెట్టేశాక వార్డు బాత్రూంలో కూర్చున్నాను. తప్పు చేయలేదని తెలిసీ సిగ్గుపడ్డాను. దానికి నాకు ఇప్పటికీ కోపంగా ఉంది.

ఇంకొకటి. మీరు వద్దన్నా పన్ను ఆఫీసుకు నేనే ఫోన్ చేశాను. లిజీ పక్కన కూర్చుని నంబరు నొక్కించింది. ఫోన్ ఎత్తినతను నా మాట మొత్తం విని, తబూక్‌వాళ్లు ఇప్పుడు నీకు జీతం ఇస్తున్నారా అని అడిగాడు. లేదన్నాను. మళ్లీ ఇస్తారా అన్నాడు. లేదన్నాను. అయితే అది ఉద్యోగం కాదు, తీసేస్తున్నాను అన్నాడు. నా వీసా సంగతేమిటని అడిగితే, దానికీ దీనికీ సంబంధం లేదు, కోడ్ తప్పుపడితే ఎవరైనా ఇలాగే ఫోన్ చేస్తారు అన్నాడు. ఎక్కువ పట్టింది జీతంలో తిరిగి కలుస్తుందట. ఇన్నాళ్లు నేను భయపడింది ఆ ఒక్క ఫోన్‌కు.

కోడ్ మారిపోతుంది మామా. ఊళ్లో నాకు వేసిన కోడ్ ఎవరికి ఫోన్ చేసి మార్పించుకోవాలో మీరే చెప్పండి.

సబీనా

*

మలాజ్, రియాద్,
24 జనవరి 2025

సబీనా,

సెప్టెంబరులో నేను రాసింది తీసి చదువుకున్నాను. ఆఖర్న, చెవులు కప్పుకోమని చెప్పిన తర్వాత, నాలుగు ముక్కలు. రాసినట్టు కూడా గుర్తులేదు. భోజనానికి పిలుస్తుంటే లేస్తూ లేస్తూ రాసి ఉంటాను.

ఇక్కడ జీతం మీద పన్ను లేదమ్మా. ఇన్నేళ్లలో ఏ ఒక్కడి జీతంలోనూ నేను ఆదాయపు పన్ను పట్టి ఎరగను. అలాంటిది ఏమిటో కూడా నాకు తెలియదు. తెలియదని నీకు చెప్పాలని తోచలేదు. ఇక్కడ ఉద్యోగమంటే ఇకామా మీద కఫీల్ పేరు. జీతం ఇచ్చినా ఇవ్వకపోయినా పేరుంటే ఉద్యోగం ఉన్నట్టే. ప్రపంచమంతా అంతేననుకున్నాను. ఆ రీ ఎంట్రీ ఉపాయం కూడా నాదే. ఇంగ్లండు కుదరకపోతే వెనక్కి రావడానికి దారి ఉంటుందని, నీకు మేలు చేస్తున్నానని మురిసిపోయాను.

అది తెలివితక్కువతనం, ఎవరైనా క్షమిస్తారు. రెండో తప్పు అలాంటిది కాదు. నువ్వు భయంతో రాస్తే నేను చదివింది నా పరువు గురించి. నిన్నొక మాట అడగకుండా మీ అమ్మకు ఫోన్ చేశాను. ఉన్నమాట చెప్పానని నీకే రాశాను. ఆ వాక్యం చూస్తే ఒళ్లు చచ్చిపోతోంది.

ఈ రోజు రాజేశం మళ్లీ వచ్చాడు, ఏదో బ్యాంకు కాగితం పట్టుకుని. నాకు తెలియదు, తెలిసినవాళ్లను అడుగు అన్నాను. నాకు ఒంట్లో బాగాలేదేమోనని టీ తెచ్చి ఇచ్చిపోయాడు.

కాషిఫ్ దగ్గరికి నేను వెళతాను. ఫోన్‌లో కాదు, మనిషినే వెళతాను. అది అయ్యేవరకు నీకు రాయను.

ఖలందర్

*

మలాజ్, రియాద్,
8 ఫిబ్రవరి 2025

అమ్మా సబీనా,

నిన్న రాస్ తనూరా వెళ్లి వచ్చాను. దమ్మాం దాకా రైలు, అక్కడినుంచి టాక్సీ. దారిలో ఏం చెప్పాలో వల్లె వేసుకుంటూ వెళ్లాను. కాషిఫ్‌ను బయటికి పిలిచి, సముద్రం వైపు నడిపించి, మెల్లగా చెప్పి సంతకం చేయించుకుని వచ్చేద్దామని నా లెక్క. అందులోనూ నా పరువు చూసుకున్నాను, నీ దగ్గర దాచడమెందుకు.

వాళ్ల గదిలో అందరూ మన కడప, నంద్యాల వైపువాళ్లే. జుమా అయ్యాక బిర్యానీ దింపి నేల మీద భోజనాల సుప్రా పరిచారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఖలందర్ సాబ్ వచ్చినాడని పైవైపు కూర్చోబెట్టారు. కాషిఫ్‌తో, కొంచెం బయటికి వస్తావా నాయనా, ఒక మాట ఉందన్నాను. వాడు నీళ్ల గ్లాసు కింద పెట్టి, "ఆ మాట ఈడ అందరూ విన్యారు మామా. ఇప్పుడు చెప్పేదీ ఈడే చెప్పు," అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నది అన్నాడు.

చెప్పాను. అందరి ముందూ చెప్పాను. ఫారం సంగతి, నేను రాయమన్న సంగతి, రెండో ఉద్యోగం కోడ్ సంగతి. నువ్వు రాసింది చదివి నేను అర్థం చేసుకున్న తీరు. మీ అమ్మకు నేను చేసిన ఫోన్. నంద్యాల కాలేషా అని ఒక పెద్దమనిషి, ఎగతాళి కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. "అంటే సాబ్, రాయమన్యది నువ్వే, రాసినందుకు తిట్టిందీ నువ్వేనా?" అన్నాడు. అవునన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. బిర్యానీ చల్లారిపోతున్నా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

కాషిఫ్ లేచి పెట్టెలోంచి ఉమేరా కోసం నీ వకీలు పంపిన కాగితం తీశాడు. చించలేదు, జాగ్రత్తగానే పెట్టుకున్నాడు. సంతకం పెడుతూ అన్న మాట నీకు యథాతథంగా రాస్తున్నాను.

"నువ్వు చెప్పినావని నమ్మినా మామా. ఇప్పుడు నువ్వే కాదంటాండావని పెడతాండా. ఆ యమ్మి ఫోన్లో ఇదే మాట చెప్పింది, ముక్క తేడా లేదు. అప్పుడు నేను నమ్మలే."

వాడు నా గౌరవం కోసం సంతకం పెట్టాడు సబీనా. అబద్ధం చెప్పినప్పుడూ నా మాటే చెల్లింది, నిజం చెప్పినప్పుడూ నా మాటే చెల్లింది. నువ్వు రెండుసార్లూ నిజమే చెప్పావు. నీ మాటకు విలువ రావడానికి నేను రైలెక్కి వెళ్లవలసి వచ్చింది. ఇంతకంటే సిగ్గుపడవలసింది నా జీవితంలో ఇంకేమీ లేదు. చేసిన తప్పు దిద్దుకున్నానని సంతోషిద్దామనుకుని వెళ్లాను. సంతోషం రాలేదు.

బయటికి వచ్చాక టాక్సీ కోసం నిలబడి మీ అమ్మకు ఫోన్ చేశాను. స్పీకర్లో పెట్టి మస్తాన్ వలీ భార్యను కూడా పిలవమన్నాను. ఇద్దరికీ ఒకేసారి చెప్పాను. పిల్లను అడగలేదు కదరా మనం అంది అక్క, అంతే.

కాగితం నా దగ్గర ఉంది. రేపు కొరియర్‌లో పంపుతాను. ఎవరి పేరుమీద, ఏ చిరునామాకు పంపాలో నువ్వే చెప్పు. ఇంకో మాట కూడా అడుగుతాను. నీ కొత్త కోడ్ ఏమిటి, దాని అర్థమేమిటి? నాకు సలహా ఇవ్వాలని కాదు. తెలుసుకుందామని.

ఖలందర్

*

లెస్టర్,
23 ఫిబ్రవరి 2025

మామకు సలాం.

కొరియర్ అందింది. కాషిఫ్ సంతకం వంకర పోలేదు, వీసావాళ్లకు సరిపోతుందని ఇక్కడి వకీలు చెప్పింది.

నా కోడ్ ఇప్పుడు 1257 ఎల్. ఏడాదికి పన్నెండువేల అయిదువందల డెబ్భై పౌండ్ల వరకు నాకు పన్ను లేదని. చివరి సున్నా తీసేసి రాస్తారు. ఎల్ అంటే అందరికీ ఇచ్చే మామూలు మినహాయింపు నాకూ ఉందని. అంతే మామా, ఇందులో దాచిపెట్టేంత రహస్యం లేదు. జీతం ఆఫీసు ఆమెకు కూడా చెప్పాను, నాకు రెండో ఉద్యోగం ఎప్పుడూ లేదని. ఓ, అలాగా, చాలామంది ఆ గడిలో పొరపడతారు అని బిస్కెట్లు ఇచ్చింది. ఆ వరండాలో మళ్లీ నడుస్తున్నాను.

అమ్మ నిన్న ఫోన్ చేసింది. జరిగిందేమిటో నువ్వు మొదటినుంచీ చెప్పు, నేను వింటాను అంది. చెప్పాను. తనకు తెలిసిన కథే అయినా మధ్యలో ఆపకుండా వింది. బజారుకు వెళ్లి ఉమేరాకు స్వెట్టర్ కొన్నదట. రాయచోటిలో దొరికే స్వెట్టర్ ఇక్కడి చలికి ఏ మూలకు? అయినా తెమ్మన్నాను.

మీ మీద కోపం పోయిందా అని మీరు అడగలేదు. అడగలేదు కాబట్టే చెబుతున్నాను. పూర్తిగా పోలేదు. నేను పొద్దున లేచేసరికి కొన్నిసార్లు ఉండదు, డ్యూటీ నుంచి వచ్చేసరికి మళ్లీ ఉంటుంది. పోతుందనే అనుకుంటున్నాను. ఆ గదిలో అందరి ముందూ మీరు ఎలా చెప్పి ఉంటారో ఊహించుకుంటే మాత్రం ఏడుపొచ్చింది. చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద బడికి తీసుకుపోతూ, దారి తప్పినా ఎవరినీ అడగనివాళ్లు మీరు.

ఉమేరా వీసా రంజాన్ అయ్యేలోపు వస్తుందంటున్నారు. ఈద్‌కు మీరు ఊరికి వెళుతున్నారని అమ్మ చెప్పింది. దాన్ని రాయచోటి నుంచి హైదరాబాదు ఎయిర్‌పోర్టు దాకా తీసుకురావాలి. నాకు సెలవు తక్కువ, ఎయిర్‌పోర్టుకే వచ్చి తీసుకుంటాను. అమ్మకు మోకాళ్లు నొప్పులు, అంత దూరం కూర్చోలేదు. ఎవరిని అడగాలా అని ఆలోచించి మిమ్మల్ని అడుగుతున్నాను.

కాగితాలన్నీ నేనే నింపాను. మీరు దాని చెయ్యి పట్టుకుని వస్తే చాలు.

మీ
సబీనా